తొలి తాళపుచెవి: ఒక ప్రసిద్ధ వ్యాసంపై విమర్శ

ఇంటికి తాళం వేయడం ఎలాగో మనలో అందరికీ తెలుసు. ఎటువంటి తాళం గట్టిదో అంగడివాడు చెప్పగలడు. కాని క్రొత్తగా అద్దెకు దిగేవారికి తాళపుచెవిని ఎలా అందజేయవలె, దారిలో అది ఎన్ని చేతులు మారవచ్చు, అందుకొన్నవాడు నిజంగా ఆ అద్దెదారేనా అన్న ప్రశ్నలు మనకు సాధారణంగా తోచవు. గుమ్మం ప్రక్కనున్న పూలకుండీ క్రింద చెవి పెట్టి, తీసుకోమని కబురుచేసే ఇంటియజమానులు ఎందరో ఉన్నారు. అటువంటి ఇంటిలో దొంగతనం జరిగితే తాళం చేసినవానిని తప్పు పట్టలేము. అద్దెదారును తప్పు పట్టడం అంతకంటె అన్యాయం.

కంప్యూటరు వ్యవస్థలలో కూడ సరిగా ఇటువంటి ప్రశ్నే ఒకటి ఉన్నది. బ్యాంకు, కళాశాల, ఆసుపత్రి, ప్రభుత్వ కార్యాలయం, దేనిలోనైనా కంప్యూటరులోని సమాచారాన్ని అందరూ చూడరాదు, అందరూ మార్చరాదు. అందుకని ప్రతి మనిషికి ఒక ఖాతా, ఆ ఖాతాకు పాస్‌వర్డు అనే రహస్యపదం ఏర్పాటు చేస్తారు. ఈ పాస్‌వర్డును దొంగలనుంచి కాపాడడం ఎలాగన్న విషయంపై గ్రంథాలు కోకొల్లలు. కాని ఒక క్రొత్త మనిషి మొట్టమొదటిసారి వ్యవస్థలో ప్రవేశించే ఘడియలో ఏమి జరుగుతుంది అన్న విషయంపై వ్రాత చాల తక్కువ. ఈ లోటు ఎక్కడ మొదలయినదో తెలుసుకోవలెనంటే, ఈ శాస్త్రంలో పునాదిరాయి వంటి ఒక వ్యాసాన్ని తిరిగి చదవడం మంచిది.

ఆ వ్యాసం పేరు "పాస్‌వర్డ్ సెక్యూరిటీ: ఎ కేస్ హిస్టరీ". రచయితలు అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్. 1979 నవంబరులో "కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఎ.సి.ఎం." అనే పత్రికలో అది వెలువడినది. యూనిక్స్ అనే వ్యవస్థను నిర్మించినవారిలో థాంప్సన్ ముఖ్యుడు. అనగా ఇది బయటివారు చేసిన పరిశీలన కాదు. తాము కట్టిన ఇంటికి తామే వేసిన తాళాన్ని తామే విప్పి, లోపాలను లోకానికి చూపించిన వ్యాసం ఇది.

వ్యాసంలోని సుగుణాలు

మొదట కొంత పూర్వచరిత్ర చెప్పుకొనవలె. 1960 ప్రాంతం వరకు కంప్యూటరును ఒకరి తరువాత ఒకరు వాడుకొనేవారు గనుక ఒకరి పని మరొకరికి అడ్డు వచ్చేది కాదు. 1961లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఫెర్నాండో కోర్బతో బృందం, ఒకే యంత్రాన్ని అనేకులు ఒకే సమయంలో పంచుకొనే సి.టి.ఎస్.ఎస్. అనే పద్ధతిని ప్రదర్శించినది. ఒకే సత్రంలో పదిమంది బస చేసినప్పుడు ఎవరి పెట్టెకు వారు తాళం వేసుకొనక తప్పదు. ఆ వ్యవస్థలో పాస్‌వర్డు ప్రవేశించినది అందుకే.

అయితే ఆ పాస్‌వర్డులన్నిటిని యంత్రం ఒక పట్టికలో ఉన్నవి ఉన్నట్లే దాచుకొనేది. ఒకనాడు ఒక నిర్వాహకుడు పాస్‌వర్డుల పట్టికను సరిచేస్తున్నాడు. అదే సమయంలో మరొక నిర్వాహకుడు ఆనాటి ప్రకటనను వ్రాస్తున్నాడు. ప్రోగ్రాములోని లోపం వల్ల రెండు కాగితాలు తారుమారయినవి. ఇక ఆ రోజు యంత్రంలో ప్రవేశించిన ప్రతివారికి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులు కనిపించినవి! మోరిస్, థాంప్సన్‌లు ఈ కథతోనే తమ వాదాన్ని బలపరుస్తారు. పట్టిక బయటపడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది గనుక, బయటపడినా హాని లేని రీతిలో దానిని వ్రాయవలెనని వారి సిద్ధాంతం.

దానికి వారు చెప్పిన ఉపాయం ఏకముఖ ప్రమేయం. పేరు పెద్దదే కాని విషయం సులభం. బియ్యాన్ని విసరితే పిండి వస్తుంది. పిండినుంచి మళ్ళీ బియ్యపుగింజలు రావు. అయినా అదే బియ్యాన్ని అదే తిరగలిలో వేస్తే అదే పిండి వస్తుంది. యంత్రం పాస్‌వర్డును దాచుకొనదు, దాని "పిండి"ని మాత్రం దాచుకొంటుంది. మీరు పాస్‌వర్డు ఇచ్చినప్పుడల్లా దానిని తిరగలిలో వేసి, వచ్చిన పిండిని పాతపిండితో పోల్చి చూస్తుంది. పట్టికను దొంగిలించినవానికి పిండే దొరుకుతుంది గాని గింజ దొరకదు.

కాని దొంగ ఊరుకుంటాడా? తనకు తోచిన పదాలన్నిటిని ఒక్కొక్కటిగా తిరగలిలో వేసి, ఏ పిండి సరిపోతుందో చూస్తాడు. పి.డి.పి.-11/70 అనే ఆనాటి యంత్రం మీద ఒక్కొక్క ప్రయత్నానికి 1.25 మిల్లీసెకన్లు పట్టేది. ఆ లెక్కన 2,50,000 మాటలున్న నిఘంటువును మొత్తం పరీక్షించడానికి 5 నిమిషాల చిల్లర చాలు. కనుక రచయితలు తిరగలిని బుద్ధిపూర్వకంగా నెమ్మది చేశారు. అంతేగాక ప్రతి పాస్‌వర్డుకు యాదృచ్ఛికంగా ఎన్నుకొన్న ఒక చిన్న సంఖ్యను కలిపారు. దానికి వారు పెట్టిన పేరు "ఉప్పు"! ఈ ఉప్పు 4,096 రకాలలో ఏదైనా కావచ్చు. ఇద్దరు ఒకే పదాన్ని ఎన్నుకొన్నా ఉప్పు వేరయినప్పుడు పిండి వేరవుతుంది. దొంగ ముందుగా పిండిపట్టిక తయారుచేసి పెట్టుకోవలెనంటే అతని శ్రమ 4,096 రెట్లు పెరుగుతుంది. నేటి వ్యవస్థలలో ఈ ఉప్పు ఇంకా చాల పెద్దది. సూత్రం మాత్రం అదే.

ఈ వ్యాసంలో మిక్కిలి ప్రసిద్ధమయినది వారి జనాభా లెక్క. ఏ నిబంధనా లేకుండా వదిలివేస్తే మనుషులు ఎటువంటి పాస్‌వర్డులు పెట్టుకొంటారో తెలుసుకొనడానికి వారు 3,289 పాస్‌వర్డులను సేకరించారు. వాటిలో ఒకే అక్షరం గలవి 15, రెండక్షరాలవి 72, మూడక్షరాలవి 464. నాలుగు అక్షరాలో అంకెలో గలవి 477. అన్నీ పెద్దబడి లేక అన్నీ చిన్నబడి అక్షరాలయిన అయిదక్షరాల పదాలు 706, చిన్నబడిలోనే వ్రాసిన ఆరక్షరాల పదాలు 605. ఇవిగాక నిఘంటువులలో, పేర్ల జాబితాలలో దొరికినవి మరి 492. మొత్తం 2,831, అనగా నూటికి 86. విద్యార్థులు ఈ కూడికను స్వయంగా చేసి చూడవచ్చు. ఊహతో కాక లెక్కతో మాట్లాడడం, తమ లోపాన్ని తామే ఒప్పుకొనడం, ఆ లోపాన్ని సరిదిద్దే ఉపాయం చెప్పడం, ఈ మూడూ ఒక్క చిన్న వ్యాసంలో కుదరడం అరుదు. శాస్త్రవ్యాసం ఎలా వ్రాయవలెనో నేర్చుకొనేవారికి దీనిని నేను నేటికీ చూపిస్తాను.

నేరం ఎవరిది?

ఇంత మెచ్చుకొన్న తరువాత, ఈ వ్యాసం పాఠకుని మనస్సులో మిగిల్చే అభిప్రాయం ఏమిటో విచారించవలె. నూటికి 86 మంది అజాగ్రత్తపరులు అన్నదే ఆ అభిప్రాయం. తాళం మంచిదే, మనుషులే పనికిమాలినవారు! తరువాతి దశాబ్దాలలో కంప్యూటరు నిర్వాహకులు ఈ పాఠాన్నే కంఠస్థం చేశారు. కాని ఆ 3,289 పాస్‌వర్డుల యజమానులకు ఖాతా తెరచిన మొదటి రోజున ఎవరు ఏమి చెప్పారు? ఒక్క అక్షరాన్ని పాస్‌వర్డుగా యంత్రం ఎందుకు అంగీకరించినది? ఖాతా తెరిచేవారి బాధ్యత ఏమిటి? ఈ విషయాన్ని వారు ప్రత్యేకంగా చర్చకు తీసుకొనలేదు. పొడుగు పాస్‌వర్డు పెట్టుకొమ్మని యంత్రమే ప్రోత్సహించవలెనని వారు సూచించిన మాట నిజమే. అయినా ఖాతా పుట్టిన తరువాతి కథే వారిది, పుట్టుక కథ కాదు.

ఈ భేదం మాటల భేదం కాదని నాకు అనుభవం మీద తెలిసినది. కొన్నేళ్ళ క్రిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో విద్యార్థులు తమ ఐచ్ఛిక విషయాలను కంప్యూటరు ద్వారానే ఎన్నుకొనవలెనని ఏర్పాటు చేశారు. ప్రతి విద్యార్థికి ఒక ఖాతా తెరిచాము. ఖాతా పేరు హాజరుపట్టీలోని సంఖ్య. తొలి పాస్‌వర్డు పుట్టిన తేదీ. అందరికీ సులభంగా ఉంటుందని రెండింటినీ ఒకే జాబితాలో అచ్చువేసి ప్రకటనల బోర్డుకు అంటించాము. అంటించినవారిలో నేనొకడిని.

గడువు ముగిసిన మరునాడు ఒక విద్యార్థిని వచ్చి, తాను ఎలెక్ట్రానిక్స్ కోరుకొంటే మరొక విషయం నమోదయినదని చెప్పినది. కంప్యూటరును చూశాము. ఆమె ఖాతాతోనే ఎవరో ప్రవేశించి, ఎన్నుకొని, ముగించారు. సీట్లు కొద్దిగా ఉన్నవి గనుక ఒక పేరు తగ్గితే మరొకరికి లాభం. "పాస్‌వర్డు జాగ్రత్తగా పెట్టుకోవద్దా అమ్మా?" అని అడిగాము. "నేనింకా లోపలికే వెళ్ళలేదండీ, మా ఊరినుంచి ఈ రోజే వచ్చాను" అన్నది ఆ అమ్మాయి. మా ప్రశ్న ఎంత అవివేకమయినదో అప్పుడు తెలిసినది. ఆమె పెట్టుకొన్న పాస్‌వర్డు అసలు లేనే లేదు. పెట్టినవారం మేము. బోర్డుకు ఎక్కించినవారమూ మేమే. కాని యంత్రపు లెక్కలో ఆ పని చేసినది ఆమె. తాను చేయని పనికి తన పేరే సాక్ష్యం చెబుతున్నప్పుడు పదిహేడేళ్ళ పిల్ల ఏమని వాదించగలదు? అర్జీ పెట్టి, పెద్దలచుట్టూ తిరిగి, మూడు వారాల తరువాత ఆమె తన తరగతికి వెళ్ళగలిగినది. ఆ మూడు వారాల పాఠాలు మాత్రం పోయినవి.

జాబితా అంటించకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు. ఒక తరగతిలోని పిల్లలు ఇంచుమించు మూడేళ్ళ వ్యవధిలో పుట్టినవారై ఉంటారు. అనగా సాధ్యమయిన తేదీలు రమారమి 1,100. తోటివిద్యార్థులకు ఒకరి పుట్టినరోజు మరొకరికి తెలుసు గనుక అన్ని తేదీలు ప్రయత్నించవలసిన పని కూడ లేదు. మోరిస్, థాంప్సన్‌ల లెక్కలో ఇటువంటి పాస్‌వర్డు దొరికి ఉంటే దానిని విద్యార్థిని బలహీనతగానే కూడి ఉండేవారు. అసలు బలహీనత ఆఫీసుగదిలో ఉన్నది.

112 ఏళ్ళు, ఒక్క నిమిషం

చిత్రమేమంటే, ఈ సత్యాన్ని చెప్పే కథ వారి వ్యాసంలోనే ఉన్నది. ఒకచోట దొంగలు పడిన తరువాత నిర్వాహకులు, మనుషులను నమ్మడం మాని, యంత్రమే పాస్‌వర్డులను తయారుచేసి ఇచ్చేటట్లు ఏర్పాటు చేశారు. చిన్నబడి అక్షరాలు 26, అంకెలు 10, మొత్తం 36 గుర్తులనుంచి ఎనిమిది గుర్తుల పదం. ఇటువంటి పదాలు 36ను ఎనిమిదిసార్లు హెచ్చిస్తే వచ్చేటన్ని, అనగా సుమారు 2.82 లక్షల కోట్లు. ఒక్కొక్కదానికి 1.25 మిల్లీసెకన్ల చొప్పున అన్నిటిని పరీక్షించడానికి 112 ఏళ్ళు పడుతుంది. చూడడానికి ఇది కంచుకోటే.

కాని ఆ పదాలను పుట్టించే ప్రోగ్రాము మొదలుపెట్టగల స్థానాలు 2 ను 15సార్లు హెచ్చించినన్ని, అనగా 32,768 మాత్రమే. ఆ యంత్రం ఎంత తిప్పలుపడినా అంతకుమించి పదాలను పుట్టించలేదు. దొంగ ఆ 32,768 పదాలను తానూ పుట్టించి పరీక్షించాడు. 32,768ని 1.25 మిల్లీసెకన్లతో హెచ్చిస్తే సుమారు 41 సెకన్లు. యంత్రం ఇచ్చిన పాస్‌వర్డులన్నీ ఇంచుమించు ఒక్క నిమిషంలో అతని చేతికి వచ్చినవి.

రచయితలు ఈ కథను యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించడంలోని పొరపాటుగా చెప్పి ముందుకు సాగుతారు. అది నిజమే గాని అంతటితో ఆగరాదని నా అభిప్రాయం. ఇక్కడ వాడుకదారులలో ఒక్కరుకూడ అజాగ్రత్తగా లేరు. ఇచ్చినదానిని ఇచ్చినట్లే పుచ్చుకొన్నారు. అయినా నూటికి నూరు ఖాతాలు పోయినవి. మనుషులు స్వయంగా ఎన్నుకొన్నప్పుడు 86 పోగా, నిర్వాహకులు పంచిపెట్టినప్పుడు 100 పోయినవి. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూసి ఉంటే వ్యాసం తీర్పే మారి ఉండేది. తొలి తాళపుచెవిని తయారుచేసి పంచేవాడు చేసే తప్పు ఒక్కటే అయినా, అది అందరి ఇళ్ళకు సోకుతుంది.

తరువాతి సాక్ష్యం

వ్యాసం వెలువడిన తరువాత జరిగిన సంఘటనలు ఈ అభిప్రాయాన్నే బలపరుస్తున్నవి. 1986 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీలో కంప్యూటరు వాడకపు లెక్కలలో 75 సెంట్లు తేడా వచ్చినది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తను ఆ తేడా కనిపెట్టమన్నారు. వెదకగా, ఖర్చు ఎవరి పేర వ్రాయవలెనో చిరునామా లేని ఒక క్రొత్త ఖాతా బయటపడినది. క్రమం ప్రకారం ఎవరూ తెరవని ఖాతా అది. ఆ దారం పట్టుకొని పోగా, పశ్చిమ జర్మనీనుంచి అమెరికా సైనిక కంప్యూటర్లలోకి చొరబడుతున్న మనిషి దొరికాడు. అతడు వాడిన మార్గాలలో ముఖ్యమయినది ఒకటి, యంత్రాలతోపాటు కంపెనీవారు పెట్టి పంపిన ఖాతాలు. వాటి తొలి పాస్‌వర్డులను మార్చవలెనని ఎందరో నిర్వాహకులకు తోచనే లేదు. ఇక్కడ గమనించవలసినది రెండు విషయాలు. మార్చని తొలి పాస్‌వర్డు వల్ల దొంగ లోపలికి వచ్చాడు. ప్రతి ఖాతాకు ఒక యజమాని ఉండవలెనన్న లెక్క ఉండబట్టి దొరికిపోయాడు.

ముప్ఫై ఏళ్ళ తరువాత, 2016లో, మిరాయి అనే దుష్ట ప్రోగ్రాము ఇళ్ళలోని కెమెరాలు మొదలయిన లక్షలాది చిన్న పరికరాలను లోబరచుకొన్నది. దాని ఆయుధం ఏ గొప్ప గణితమూ కాదు. తయారీదారులు పెట్టిన అరవై చిల్లర ఖాతాపేర్లు, పాస్‌వర్డుల జాబితా మాత్రమే. ఆ ఏడు అక్టోబరులో ఆ పరికరాలచేత చేయించిన దాడివల్ల అమెరికాలో అనేక పెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటలు అందుబాటులో లేకపోయినవి. దీని తరువాత చట్టాలు కదిలినవి. ప్రతి పరికరానికి వేరువేరు తొలి పాస్‌వర్డు ఉండవలె, లేదా మొదటిసారి వాడేముందే యజమానిచేత క్రొత్తది పెట్టించవలె అన్న నియమం కాలిఫోర్నియాలో 2020 జనవరి 1నుంచి అమలులోకి వచ్చినది. అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29నుంచి నిషేధించినది. 1979లోనే తెలిసిన తప్పు చట్టంలోకి ఎక్కడానికి నలభై ఏళ్ళు పట్టినదన్నమాట.

పాత సూత్రాలు, క్రొత్త నియమాలు

ఈ దృష్టి 1979నాటికి ఎవరికీ లేదనడం న్యాయం కాదు. అంతకు నాలుగేళ్ళముందే, 1975లో, జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటరులోని సమాచార రక్షణకు ఎనిమిది సూత్రాలు ప్రతిపాదించారు. వాటిలో మూడు మన విషయానికి నేరుగా వర్తిస్తవి. అనుమతి ఉన్నదని చూపిస్తేనే తలుపు తెరవవలె గాని, నిషేధం లేదు గదా అని తెరవరాదు. పనికి అవసరమయినంత అధికారమే ఇవ్వవలె, అంతకుమించి ఇవ్వరాదు. రక్షణపద్ధతి వాడుకదారుకు సులభంగా ఉండవలె, లేకుంటే అతడు దానిని తప్పించుకొనే దారి వెదుకుతాడు. ఈ మూడింటిని క్రొత్త ఖాతాకు అన్వయిస్తే చాలు, మా ప్రకటనల బోర్డు ఎంత తప్పో తెలిసిపోతుంది. సులభంగా ఉండవలెనన్న మూడవ సూత్రాన్ని మాత్రమే మేము పట్టుకొని మొదటి రెండింటిని వదిలివేశాము.

మోరిస్, థాంప్సన్‌ల మార్గంలో నడచినవారు వేరొక పొరపాటు చేశారు. మనిషి బలహీనుడు గనుక అతనిని నియమాలతో బిగించవలెనన్నారు. అమెరికాలోని జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ 2004లో ప్రకటించిన మార్గదర్శిని ఆధారంగా లోకమంతటా నియమాలు పుట్టినవి. పెద్దబడి అక్షరం ఒకటి, అంకె ఒకటి, విచిత్రమయిన గుర్తు ఒకటి ఉండవలె, కొద్ది నెలలకొకసారి మార్చవలె అన్నారు. ఫలితం మనందరికీ తెలిసినదే. జనం పాతపదం చివర 1 తీసి 2 పెట్టుకొన్నారు. ఆ మార్గదర్శినిని వ్రాసిన బిల్ బర్, తాను చేసినదానిలో చాలభాగానికి విచారిస్తున్నానని 2017లో ఒక పత్రికకు చెప్పాడు. అదే ఏడు ఆ సంస్థ తన మాట మార్చుకొన్నది. గుర్తుల నిర్బంధం వద్దు, కారణం లేకుండా మార్పించవద్దు, పొడవు ముఖ్యం, లోకానికి తెలిసిపోయిన పాస్‌వర్డులను యంత్రమే నిరాకరించవలె అన్నది.

2017నాటి ఆ గ్రంథంలో నాకు అంతకంటె విలువయినదిగా కనిపించినది మరొక భాగం. క్రొత్తవారిని చేర్చుకొనడానికే ఒక ప్రత్యేక సంపుటం కేటాయించారు. వచ్చినవాడు తాను చెప్పుకొన్న మనిషేనా అని నిర్ధారించడం ఎలా, అతనికి తొలి సంకేతాన్ని అందించడం ఎలా అన్నది అందులోని విషయం. ఆ సంకేతానికి ఆయుర్దాయం కూడ నిర్ణయించారు. దేశంలో తపాలా ద్వారా పంపితే 10 రోజులు, ఈమెయిలు ద్వారా అయితే 24 గంటలు, టెలిఫోను ద్వారా అయితే 10 నిమిషాలు. తాళపుచెవి దారిలో ఎంతకాలం ఉంటుందో, అంతకు తగినంతే దానికి ప్రాణం. మోరిస్, థాంప్సన్‌లు వదిలివేసిన అధ్యాయం ఇదే. 2025లో ఆ గ్రంథానికి మరొక కూర్పు వచ్చినా ఈ విభజన నిలిచే ఉన్నది.

అయితే ఈ గ్రంథాన్నీ కళ్ళకద్దుకొని ఊరుకొనరాదు. ప్రతి మనిషికి తనదంటూ ఒక టెలిఫోను, ఒక ఈమెయిలు, స్థిరమయిన చిరునామా ఉంటవని దాని ఊహ. మన పల్లెలలో ఎన్నో ఇళ్ళలో ఇంటికంతటికీ ఒకే ఫోను. అది తండ్రి జేబులో పొలానికి వెళుతుంది. దరఖాస్తు నింపిపెట్టే ఇంటర్నెట్ దుకాణంలో, దుకాణదారు తన ఫోను నంబరే వేసి, తనకు గుర్తున్న పాస్‌వర్డే పెడతాడు. అతడు మంచివాడే కావచ్చు. కాని ఆ విద్యార్థి ఖాతాకు నిజమయిన యజమాని అతడే! ఎంత గట్టి ఉప్పు కలిపినా, తిరగలిని ఎంత నెమ్మదిగా త్రిప్పినా ఈ లోపం తీరదు. అమెరికా గ్రంథాన్ని తెలుగుచేసుకొన్నంత మాత్రాన మన సమస్య తీరదు. దాని సూత్రాన్ని తీసుకొని మన పరిస్థితికి పద్ధతి మనమే చూసుకొనవలె.

బడిలో చేయదగినది

మనకు అమెరికావారికి లేని సౌకర్యం ఒకటి ఉన్నది. మన విద్యార్థి మన ఎదుట కూర్చొని ఉంటాడు. తరగతి ఉపాధ్యాయునికి అతని ముఖం తెలుసు. ఇంతకుమించిన నిర్ధారణ ఏ యంత్రమూ చేయలేదు. కనుక తొలి సంకేతాన్ని చీటీమీద అచ్చువేసి, మడిచి అంటించి, హాజరు పిలిచి, ఎవరిది వారి చేతికే ఇచ్చి సంతకం పుచ్చుకొనవలె. రానివారి చీటీ స్నేహితుని చేతికి ఇవ్వరాదు. చీటీలోని సంకేతం పుట్టిన తేదీనుంచిగాని, హాజరు సంఖ్యనుంచిగాని పుట్టినది కారాదు. నిజంగా యాదృచ్ఛికమయినది కావలె. అది ఒక్కసారే పనిచేయవలె, కొద్దిరోజులలో చెల్లకుండా పోవలె. దానితో ప్రవేశించినవాడు తన సొంత పాస్‌వర్డు పెట్టుకొనేవరకు యంత్రం మరే పనీ చేయనీయరాదు. గడువులోగా ఎవరూ తెరవని ఖాతాను మూసివేయవలె. బడి వదిలి వెళ్ళినవారి ఖాతా కూడ అంతే.

ఇందులో ఎంత లాభమో విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చు. అయిదుసార్లు తప్పితే ఖాతా స్తంభించిపోయే ఏర్పాటు ఉన్నదనుకొందాము. పుట్టిన తేదీని ఏమీ తెలియని పరాయివాడు ఊహించినా 1,100 తేదీలలో 5 ప్రయత్నాలు, అనగా 220లో ఒక వంతు అవకాశం. 600 మంది ఉన్న బడిలో ఇద్దరు ముగ్గురి ఖాతాలు పోవడానికి అది చాలు. ఆరంకెల యాదృచ్ఛిక సంకేతమయితే 10 లక్షలలో 5, అనగా రెండు లక్షలలో ఒక వంతు. ఖర్చు పెరిగినది ఎంత? కొన్ని చీటీలు, ఒక పూట శ్రమ. తరువాతి సంవత్సరం మా కళాశాలలో ఇలాగే చేశాము. రెండు పీరియడ్లు పట్టినది. ఆ ఏడు ఎవరూ అర్జీ పట్టుకొని రాలేదు.

ఇప్పుడు మోరిస్, థాంప్సన్‌ల వ్యాసాన్ని గురించి చివరిమాట చెప్పవచ్చు. పట్టిక దొంగిలింపబడిన తరువాత ఏమి జరుగుతుందన్న ప్రశ్నకు అది చెప్పిన సమాధానం ఇంచుమించు అర్ధశతాబ్దంగా నిలిచి ఉన్నది. ఆ భాగంలో దానికి వంక పెట్టలేము. కాని నేరాన్ని వాడుకదారు తలకు చుట్టే దృక్పథం కూడ ఆ వ్యాసంతోపాటే వ్యాపించినది. ఉపాధ్యాయులు ఈ వ్యాసాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు 86 అన్న అంకెతో ఆపక, ఆ ఒక్క నిమిషపు కథను కూడ చెప్పి, రెంటిలో తప్పు ఎవరిదో వారినే ఆలోచించమనవలె.

పాస్‌వర్డే అక్కరలేని పద్ధతులు నేడు వ్యాపిస్తున్నవి. వ్రేలిముద్రతోనో, చేతిలోని ఫోనుతోనో తలుపు తెరుచుకొంటున్నది. ఇక ఈ చర్చ అనవసరమని కొందరు అనుకొంటారు. కాని ఆ మొదటి రోజున ఎవరి వ్రేలిని ఎవరి పేరున నమోదు చేశాము, ఎవరి ఫోనును ఎవరి ఖాతాకు ముడివేశాము అన్న ప్రశ్న అలాగే ఉన్నది. యంత్రం ఆ రోజు మనం చెప్పినదే సత్యమని నమ్మి, తరువాత కాలమంతా ఆ మాటకే కట్టుబడి ఉంటుంది. చెప్పేటప్పుడు మనం జాగ్రత్తగా ఉండవలె. ఎందుకంటే, మనం తప్పు చెబితే శిక్ష అనుభవించేది మనం కాదు, ఊరినుంచి ఆనాడే బస్సు దిగివచ్చిన విద్యార్థిని.